రహీం మాస్టారు

ఏలూరులో గాని, తాడేపల్లిగూడెంలో గాని సాయంత్రం పూట కాలేజీ గ్రౌండు కెళితే క్రికెట్టు, వాలీబాలు, కబడ్డీ కనిపిస్తాయి. ఫుట్‌బాల్ అరుదు. మా కొల్లేటి లంకల్లోనయితే మరీనూ. అందుకే కాబోలు, మన దేశాన్ని ఆసియాలో రెండుసార్లు అగ్రస్థానాన నిలబెట్టినవాడు ఒక హైదరాబాదు బడిపంతులని చెబితే మా హాస్టల్లో సగంమంది నమ్మలేదు. 2024లో వచ్చిన ‘మైదాన్’ సినిమా చూశాక గాని వాళ్ళకు నమ్మకం కుదరలేదు!

సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియాలో చదివి, బడిలో పాఠాలు చెప్పుకుంటూ బంతాట ఆడారు. ఆడినందుకు కంటే నేర్పినందుకే ఆయనకు పేరొచ్చింది. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. అలవాటు లేని కాలితోనే తన్నాలని షరతు పెట్టి పోటీలు నడిపేవారట. పరీక్షల ముందు మనం వచ్చిన పాఠమే మళ్ళీ మళ్ళీ వల్లిస్తాం చూశారూ, దానికిది సరిగ్గా ఎదురు.

1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం తెచ్చారు. మరుసటేడు హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యారు. అప్పుడు మనవాళ్ళలో చాలామంది వట్టికాళ్ళతో ఆడారు. కొల్లేటి బురదలో వట్టికాళ్ళే హాయి గాని, చలిదేశంలో ఆ ముచ్చట చెల్లలేదు. ఆ దెబ్బతో బూట్లు తప్పనిసరయ్యాయి. 1956 మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానం దక్కించుకున్నారు.

నా లెక్కలో అసలు కథ 1962 జకార్తాది. మాస్టారికి అప్పటికే క్యాన్సరు. తొలి ఆటలోనే దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. థాయిలాండుతో ఆటలో డిఫెండరు జర్నైల్‌సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. ఇంకొకరైతే అతణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టేవారు. మాస్టారు సెమీఫైనల్లో అతణ్ణే సెంటర్ ఫార్వర్డుగా దింపారు! కుట్లు పడిన తలతోనే అతను గోలు కొట్టాడు. ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వకపోవడాన్ని భారతీయ అధికారి ఒకరు తప్పుబట్టారని, ఫైనల్లో స్టేడియమంతా మన జట్టును గేలి చేసింది. ఎదురుగా మళ్ళీ అదే కొరియా. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. 2-1తో స్వర్ణం మనదే.

తొమ్మిది నెలలు తిరిగాయి. 1963 జూన్ 11న మాస్టారు కన్నుమూశారు. అప్పటికి ఆయనకు యాభైమూడేళ్ళు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు ఆ తర్వాత దక్కింది 1970 నాటి కంచు పతకం ఒక్కటే.