ఎలుకలు చెప్పిన డోసు లెక్క

మీ ఇంట్లో మందుల డబ్బా ఒకసారి తెరిచి చూడండి. గర్భిణి ఉన్న ఇల్లయితే ఫోలిక్ యాసిడ్ కలిసిన ఐరన్ మాత్రలు ఉంటాయి. కీళ్లవాతంతో బాధపడే పెద్దావిడ ఉంటే మెథోట్రెక్సేట్ ఉండొచ్చు. బోదకాలు రాకుండా ఆశా కార్యకర్త ఇచ్చి వెళ్తే, రేపు వేసుకుందాంలే అని పక్కన పడేసిన డీఈసీ మాత్రలూ కనిపించొచ్చు. ఒకటి రోజూ వేసుకునేది, ఒకటి వారానికి ఒక్కసారే, ఇంకొకటి ఏడాదికి ఒక్కసారి. ఈ మూడింటినీ కలిపే పేరు ఒకటుంది. డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. ఆ మందులు ఎలా పనిచేస్తాయో, ఎక్కడ దెబ్బతీస్తాయో ముందుగా చెప్పినవి మాత్రం ఎలుకలు. అదీ చనిపోయాక.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. చదువు సాఫీగా సాగలేదు. మెట్రిక్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాక గాంధీజీ ప్రభావంతో ఖద్దరు గౌను వేసుకుని సర్జరీకి వెళ్లారు. ప్రొఫెసర్‌కు కోపం వచ్చింది. చివరికి ఎంబీబీఎస్‌కు బదులు దానికన్నా తక్కువదైన ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. అదే కాలంలో ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. స్ప్రూ అనే పేగుల జబ్బుతో ఇద్దరు అన్నదమ్ములు రోజుల తేడాలో చనిపోయారు. తిన్నది ఒంటబట్టక, విరేచనాలతో నీరసించి, రక్తం లేక మనిషి చిక్కిపోయే జబ్బు అది. ఆ రోజుల్లో దానికి సరైన మందు లేదు.

మామగారి సాయంతో, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ చేయూతతో 1922లో ఆయన అమెరికాలోని బోస్టన్ చేరారు. పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట చిన్నాచితకా పనులు చేస్తూ హార్వర్డ్‌లో చదివారు. సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో ప్రచురించారు. వైద్య విద్యార్థులు ఇప్పటికీ దాన్ని ఆ ఇద్దరి పేర్లతోనే చదువుకుంటారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఏటీపీని వెలుగులోకి తెచ్చిన పనిలోనూ ఆయనకు భాగముంది. అయినా హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ల్యాబొరేటరీస్‌కు మారారు. మన మందుల డబ్బా కథ అక్కడే మొదలైంది.

ముందు బోదకాలు సంగతి చూద్దాం. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికులకు ఫైలేరియా సోకింది. మందు కోసం వెతుకులాట పెరిగింది. సుబ్బారావు బృందం కాటన్ ర్యాట్ అనే జాతి ఎలుకలను ఎంచుకుంది. వాటికి సహజంగానే ఒక రకం ఫైలేరియా పురుగు సోకుతుంది. పెద్ద పురుగులు ఊపిరితిత్తుల చుట్టూ ఉండే ఖాళీలో కాపురం పెడతాయి. వాటి పిల్లలు రక్తంలో తిరుగుతాయి. 1947లో ఈ ఎలుకలకు డైఇథైల్ కార్బమజిన్, అంటే నేటి డీఈసీ ఇచ్చి చూస్తే, రక్తంలోని పిల్లపురుగులు త్వరగా మాయమయ్యాయి. రక్తపరీక్ష ఒక్కటే చూస్తే జబ్బు నయమైనట్టే. కానీ ఎలుకను కోసి ఛాతీలో చూస్తే పెద్ద పురుగులు చాలావరకు బతికే ఉన్నాయి.

పోస్టుమార్టం విలువ ఇక్కడే తెలుస్తుంది. బతికున్న జంతువు రక్తం సగం నిజమే చెప్పింది. మిగతా సగం శరీరం తెరిస్తేగానీ బయటపడలేదు. మనుషుల్లో డీఈసీ పెద్ద పురుగులను కొంతవరకు చంపగలదు కానీ అన్నింటినీ కాదు. అవి లింఫ్ నాళాల్లో ఏళ్ల తరబడి బతుకుతూ పిల్లలను పెడుతూనే ఉంటాయి. అందుకే ఒక్క ఏడాది మింగి ఊరుకుంటే చాలదు. ఊరంతా ఏటా ఒకసారి చొప్పున కనీసం ఐదేళ్లు వేసుకుంటే, దోమకు అందే పిల్లపురుగులు తగ్గి గొలుసు తెగుతుంది.

ఇక రెండో కథ. లెడర్లీలో సుబ్బారావు నాయకత్వంలోని బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసి 1945లో ప్రకటించింది. స్ప్రూ రోగులకు దాన్ని ఇస్తే రక్తహీనత తగ్గి, ఆకలి పుట్టి, కోలుకోవడం ఆ తర్వాత కొద్దికాలానికే కనిపించింది. అన్నదమ్ములను మింగిన జబ్బుకు మందు చివరికి ఆయన ప్రయోగశాలలోనే తయారైంది.

అయితే బోస్టన్‌లో పిల్లల పాథాలజిస్టు సిడ్నీ ఫార్బర్, ఫోలిక్ యాసిడ్ జాతి మందులు ఇచ్చిన లుకేమియా పిల్లల్లో జబ్బు ఇంకా జోరందుకోవడం గమనించారు. మజ్జను, చనిపోయిన పిల్లల కణజాలాన్ని పరీక్షించినప్పుడు తేలిన విషయం ఇది. అలాంటప్పుడు ఫోలిక్ యాసిడ్‌ను అడ్డుకుంటే క్యాన్సర్ కణం ఆకలితో చస్తుంది కదా అన్న ఆలోచన వచ్చింది. సుబ్బారావు బృందం అచ్చం ఫోలిక్ యాసిడ్‌లా కనిపించే నకిలీ అణువులను తయారుచేసి పంపింది. వాటిలో ఒకటి అమినోప్టెరిన్. దాన్ని వాడిన 16 మంది పిల్లల్లో 10 మందికి లుకేమియా కొంతకాలం వెనక్కి తగ్గిందని ఫార్బర్ 1948 జూన్‌లో ప్రకటించారు. అప్పటిదాకా వారాల్లో చనిపోయే పిల్లలు వాళ్లు.

మరి అదే మందు మామూలు కణాలను ఏం చేస్తుంది? దానికి జవాబు చిట్టెలుకలు ఇచ్చాయి. 1948, 49 సంవత్సరాల్లో లెడర్లీలోనూ, న్యూయార్క్‌లోని స్లోన్ కెటరింగ్ సంస్థలోనూ పరీక్షలు జరిగాయి. ఇలాంటి పరీక్ష ఎలా చేస్తారో చెబుతాను. చనిపోయిన ఎలుకను ముందు తూస్తారు. పొట్ట తెరిచి కాలేయం, ప్లీహం, పేగులు కంటితో చూస్తారు. తొడ ఎముక నుంచి మజ్జ తీస్తారు. ఒక్కో అవయవం నుంచి చిన్న ముక్కను ఫార్మలిన్‌లో ఉంచి, మైనంలో బిగించి, వెంట్రుక మందం కన్నా ఎన్నో రెట్లు పలుచని పొరలుగా కోసి, రంగు అద్ది మైక్రోస్కోప్ కింద పెడతారు.

ఆ గాజుపలకల మీద రెండు చోట్ల విధ్వంసం కనిపించింది. ఒకటి పేగు లోపలి పొర, రెండోది ఎముక మజ్జ. కారణం తేలికే. పేగు పొర కొద్ది రోజులకోసారి కొత్తగా పుడుతుంది. మజ్జ రాత్రింబవళ్లు రక్తకణాలను తయారుచేస్తూనే ఉంటుంది. త్వరత్వరగా విభజన చెందే కణానికి ఫోలిక్ యాసిడ్ అవసరం ఎక్కువ. క్యాన్సర్ కణానికీ అంతే. మందుకు మంచి కణం, చెడ్డ కణం తేడా తెలియదు. కొండను తవ్వి ఎలుకను పట్టడం అని మనం అంటాం. ఇక్కడ ఎలుకను కోస్తే కొండంత సంగతి తెలిసింది.

అమినోప్టెరిన్ స్థానంలోకి అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్ వచ్చింది. లుకేమియా ఎలుకలకు దాన్ని రోజూ ఇవ్వడం కన్నా, మధ్యలో కొన్ని రోజులు వదిలి ఇస్తే ఎక్కువకాలం బతికాయని అమెరికా నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు 1956లో ప్రచురించారు. ఆ విరామంలో పేగు, మజ్జ తేరుకుంటాయి. నేడు కీళ్లవాతానికి, సోరియాసిస్‌కు ఇదే మందును చాలా తక్కువ మోతాదులో, వారానికి ఒక్కసారే ఇస్తాం. బీపీ, షుగర్ మాత్రల్లా రోజూ మింగితే ఆ ఎలుకల పేగుల్లో, మజ్జలో కనిపించిందే మనిషికీ జరుగుతుంది. నోటినిండా పుండ్లు, విరేచనాలు, తెల్లకణాలు పడిపోవడం, జ్వరం, కొన్నిసార్లు మరణం. ఇది పుస్తకాల్లో మాటే కాదు, ప్రభుత్వాసుపత్రుల్లో మేం చూసే ప్రమాదం.

సుబ్బారావు 1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో నిద్రలోనే కన్నుమూశారు. మళ్లీ స్వదేశం చూడలేదు. 1995లో మన తపాలాశాఖ ఆయన పేర స్టాంపు విడుదల చేసింది. స్టాంపు సంగతి ఎలా ఉన్నా, ఆయన మందులను సరిగా వాడటమే మనం ఇవ్వగల గౌరవం.

మెథోట్రెక్సేట్ వాడేవాళ్లుంటే వారంలో ఒక రోజు ఖాయం చేసుకుని, ఆ రోజు పేరు పెన్నుతో అట్ట మీద పెద్దక్షరాలతో రాయండి. చదువు రాని పెద్దవాళ్లకు ఇంట్లో ఒకరు తామే తీసి ఇవ్వండి. డాక్టరు రాసిన ఫోలిక్ యాసిడ్ మాత్రను మానొద్దు. రక్తపరీక్షలు వాయిదా వేయొద్దు. గర్భం కోసం చూస్తున్నవారు ముందే చెప్పాలి. ఇతర జబ్బుకు వెళ్లినా ఈ మందు సంగతి చెప్పాలి. కోట్రైమోక్సజోల్ అనే మామూలు యాంటీబయాటిక్ దీంతో కలిస్తే మజ్జ దెబ్బతినొచ్చు. నోట్లో పుండ్లు పడినా, జ్వరం వచ్చినా, ఒంటి మీద కమిలిన మచ్చలు కనిపించినా మాత్ర ఆపి అదే రోజు ఆసుపత్రికి రండి.

త్రిపురారం లాంటి సాగర్ ఎడమకాలువ కింది పల్లెల్లో, మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట బస్తీల్లో మురుగు నిలిచిన చోటల్లా బోదకాలును మోసే క్యూలెక్స్ దోమ ఉంటుంది. కాలు ఒకసారి ఏనుగు కాలులా మారాక పింఛను ఇవ్వగలమేమో గానీ పాత కాలును ఇవ్వలేం. కాబట్టి ఆశా కార్యకర్త వచ్చినప్పుడు, భోజనం చేసి, ఆమె ముందే మాత్రలు మింగండి. రెండేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, తీవ్రంగా జబ్బుపడినవారు తప్ప మిగతా అందరూ వేసుకోవాలి. కాస్త జ్వరం, తలనొప్పి వస్తే భయపడకండి. చాలాసార్లు అది పిల్లపురుగులు చస్తున్న గుర్తు. నిరుడు వేసుకున్నాంగా అని మాత్రం ఈసారి పక్కన పెట్టకండి.