నీలి అట్ట పుస్తకము : నోవా వెబ్‌స్టరు జీవితము

తెలుగు నేర్చు బిడ్డ ఓనమాలు దిద్ది, గుణింతము వల్లించి, ఒత్తులు పట్టుబడిన తరువాత ఏ మాటనైనను కూడబలుకుకొని చదువగలడు. ఇంగ్లీషు సంగతి అట్లు గాదు. మోకాలిని వారు నీ అందురు గాని వ్రాయునప్పుడు ముందర కె అను అక్షరమును నిలుపుదురు. అప్పును డెట్ అందురు. దాని నడుమ బి ఊరకనే కూర్చుండియుండును. ద్వీపమునకు ఐలండ్ అని పేరు. అందులో నోట రాని ఎస్ ఒకటి కలదు. ఇక జి, హెచ్ అను జంట యున్నదే, అది దగ్గు అను అర్థము గల మాటలో ఫకారముగా పలుకును, కుమార్తె అను మాటలో నోరే మెదపదు. ఇవన్నియు కంఠస్థము చేయలేక, తమ బుద్ధియే మందమని తలంచి బడి మానిన పిల్లలను మన సంఘములలో మేము ఎరుగుదుము. ప్రియులారా, తప్పు ఆ బిడ్డలది కాదు. ఆ వ్రాతలోనే చిక్కు ఉన్నది. ఆ చిక్కు విప్పబూనిన ఒక భక్తుని జీవితమును ఈ నెల మీ యెదుట ఉంచుచున్నాము.

మొదట ఆ చిక్కు ఎట్లు వచ్చెనో కొంచెము చెప్పవలెను. మోకాలు అను మాటలోని కె పూర్వము నిజముగానే పలికెడిది. జనుల నాలుక దానిని విడిచినను కలము విడువలేదు. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన తరువాత ఫ్రెంచి అలవాటుగల లేఖకులు ఇంగ్లీషును తమ పద్ధతిలో వ్రాసిరి. 1476లో విలియం కాక్‌స్టన్ వెస్ట్‌మినిస్టరులో అచ్చుయంత్రము పెట్టెను. అచ్చుపడిన మాట రాతిమీద చెక్కినదానివంటిది గదా! అయితే సరిగా ఆ కాలముననే అచ్చులను పలుకు తీరు మారిపోవుచుండెను. పలుకుబడి ముందుకు పోయెను, వ్రాత వెనుక నిలిచెను. పిమ్మట పండితులు బయలుదేరిరి. అప్పు అను మాట లాటినులో బి గలది గనుక ఇంగ్లీషులోను ఉండవలెనని చేర్చిరి. ద్వీపములో ఎస్ చేర్చుట అంతకంటె వింత, ఏలయనగా ఆ మాటకు లాటినుతో చుట్టరికమే లేదు! 1755లో లండనులో శామ్యూల్ జాన్సన్ పండితుడు గొప్ప నిఘంటువు ప్రకటించగా ఈ వంకరలలో అనేకము స్థిరపడిపోయెను.

ఆ తరువాత మూడేండ్లకు, 1758 అక్టోబరు 16వ తేదీన, అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రమున వెస్టు హార్ట్‌ఫర్డు అను ఊరిలో నోవా వెబ్‌స్టరు జన్మించెను. మన బైబిలులో నోవహు అని చదువుకొను పేరే ఇది. తండ్రి పేరును అదే. ఆయన సేద్యము చేసికొని బ్రదుకువాడు, సంఘములో డీకను. కుమారునికి చదువుమీద మక్కువ చూచి, పొలము తాకట్టు పెట్టి, 1774లో యేల్ కళాశాలకు పంపెను. బిడ్డ చదువుకై పొలము తాకట్టు పెట్టుట అనగా ఏమో మన సంఘములలోని తండ్రులకు మేము వివరింపనక్కరలేదు.

అవి అమెరికా వారు ఇంగ్లండు రాజుపై తిరుగబడి యుద్ధము చేయుచున్న దినములు. 1778లో పట్టము పుచ్చుకొని యింటికి వచ్చిన కుమారుని చేతిలో తండ్రి విలువ పడిపోయిన ఎనిమిది డాలర్ల కాగితపు నోటు నుంచి, ఇకమీదట నీ బ్రదుకు నీవే చూచుకొనవలెనని చెప్పెను. యౌవనుడు మిక్కిలి క్రుంగిపోయెను. బ్రదుకుతెరువుకై బడిపంతులాయెను, న్యాయశాస్త్రము కూడ చదివి 1781లో వకీలాయెను గాని, కక్షిదారులు దొరకుట కష్టమై మరల బడికే వచ్చెను.

ఆ బడులలో ఆయన చూచినదేమనగా, ఒకే గదిలో చిన్నలును పెద్దలును క్రిక్కిరిసియుండిరి. చేతిలో నున్న పుస్తకము డిల్వర్తు అను ఇంగ్లండు పంతులు వ్రాసినది. అమెరికా పిల్లలు ఎన్నడు చూడబోని ఇంగ్లండు ఊళ్ల పేర్లు వల్లించుచుండిరి. మాటలను విరిచి చదువు తీరు కూడ నోటి పలుకునకు సరిపడక యుండెను. వెబ్‌స్టరు తానే ఒక పుస్తకము వ్రాసి 1783లో హార్ట్‌ఫర్డులో అచ్చువేయించెను. మొదట చిన్న అక్షరకూటములు, పిమ్మట చిన్న మాటలు, ఆ తరువాత పెద్ద మాటలు. చెవికి విననైనట్లు వాటిని విరిచెను. మెట్టు వెంబడి మెట్టు. నీలి కాగితపు అట్ట వేసినందున జనులు దానిని నీలి అట్ట పుస్తకమనిరి. ఆయన బ్రదికియుండగానే కోటికి మించిన ప్రతులు చెల్లిపోయెను. అయినను ఆయనకు ప్రతి ఒక్కంటికి ఒక సెంటుకు లోపుగానే ముట్టెను. ఇతరులు దొంగచాటుగా అచ్చువేయకుండ చట్టము చేయుడని రాష్ట్రము వెంబడి రాష్ట్రము తిరిగి అధికారులను వేడుకొనెను. 1785లో జార్జి వాషింగ్టను ఇంటికి కూడ వెళ్లెను. గ్రంథకర్త హక్కును గూర్చిన అమెరికా చట్టములకు ఆయన ప్రయాసము ఒక పునాది.

ఈ పుస్తకములో ఆయన వర్ణక్రమమును, అనగా స్పెల్లింగును, మార్చలేదు సుమండీ. మార్చుట అవివేకమని అప్పుడు తలంచెను. బెంజమిన్ ఫ్రాంక్లిన్‌తో సహవాసము కలిగిన తరువాత ఆయన మనస్సు తిరిగెను. ఫ్రాంక్లిన్ 1768లోనే పలుకునట్లు వ్రాయుటకు క్రొత్త అక్షరములు కల్పించియుండెను. 1789లో వెబ్‌స్టరు ఒక గ్రంథము ప్రకటించి దానిని ఫ్రాంక్లిన్‌కు అంకితము చేసెను. పలుకని అక్షరములను తీసివేయుడి, ఒక ధ్వనికి ఒకే గురుతు ఉంచుడి, అప్పుడు పరదేశియు బీదపిల్లవాడును సులువుగా చదువుదురని దానిలో వాదించెను. మరుసటి యేట తన వ్యాసములు కొన్నిటిని ఆ క్రొత్త వ్రాతలోనే అచ్చువేయించెను. జనులు నవ్విరి. రొట్టె, తల, రక్తము అను మాటలను నోటికి వచ్చినట్లు వ్రాసిన ఆ పుటలు చదువురాని వాని వ్రాతవలె వారికి కనబడెను. ఈ వాదనలో న్యాయము ఆయన పక్షముననే ఉండెనని మా అభిప్రాయము. అయితే భాష న్యాయస్థానము కాదు. ఒకసారి చదువ నేర్చినవాడు తాను పడిన కష్టము మరచును, క్రొత్తగా నేర్చువాని కష్టము అతనికి కనబడదు.

వెబ్‌స్టరు సాధుస్వభావుడు కాడని ఆ కాలపు వారనేకులు చెప్పుకొనిరి. పట్టుదల గలవాడు, తన తెలివిని గూర్చి ఎచ్చుగా ఎంచుకొనువాడు, పత్రికలలో తగవులాడువాడు. 1793లో న్యూయార్కులో దినపత్రిక పెట్టి కొన్ని యేండ్లు నడిపెను. 1798లో న్యూహేవెనునకు కాపురము మార్చి మరల మాటల పనికి తిరిగెను. 1806లో చిన్న నిఘంటువు వెలువరించెను. ఈసారి బుద్ధి తెచ్చుకొని కొద్ది మార్పులే చేసెను. సంగీతము అను మాట చివర ఊరకనున్న కె తీసివేసెను. ఘనత, పని అను అర్థములిచ్చు ఆనర్, లేబర్ వంటి మాటలలోని యు తీసివేసెను. నాలుకకును స్త్రీలకును పలుకునట్టి వ్రాతనే పెట్టజూచెను గాని అవి నిలువలేదు.

ఇట్లుండగా 1807, 1808 సంవత్సరములలో న్యూహేవెను సంఘమున ఉజ్జీవము కలిగెను. మోజెస్ స్టూయర్టు అనువారు అక్కడ పాదిరి. వెబ్‌స్టరు భార్య రెబెకాయు కుమార్తెలును ఆ కూడికలచేత కదిలింపబడిరి. ఇంటి యజమానునికి ఇది రుచింపలేదు. నీతిగా బ్రదుకుటయే మతమని ఆయన యెంచియుండెను. మనస్సు పొంగు భక్తి ఆయనకు గిట్టదు. పాదిరిగారితో వాదములు పెట్టుకొనెను. వారములు గడచినకొలది వాదములు సాగినవి గాని నెమ్మది రాలేదు. పుస్తకము తెరచినను మనస్సు నిలువలేదు. తుదకు ఒక దినమున తన చదువుగదిలో మోకాళ్లూని, పాపినని ఒప్పుకొని, క్రీస్తునకు తన్ను అప్పగించుకొనెను. మాటలన్నిటికి అర్థము చెప్పు మనుష్యునికి అప్పటికి నలువదితొమ్మిది యేండ్లు. ఇంటివారిని సమకూర్చి, యజమానునిగా తన పని తాను విడిచితినని చెప్పి, నాటినుండి కుటుంబప్రార్థన ఆరంభించెను. 1808 ఏప్రిలులో కుమార్తెలతో కూడ సంఘములో చేరెను.

అప్పటికే పెద్ద నిఘంటువు పని మొదలైనది. గుండ్రని బల్లమీద అనేక భాషల నిఘంటువులు వరుసగా పరచి, ఒక మాటను పట్టుకొని బల్ల చుట్టు నడచుచు ఒక్కొక్క దానిలో వెదకుచుండెను. ఇరువదికి మించిన భాషలను పరిశీలించెను. బాబెలు గోపురమునకు ముందు జనులందరికి ఒకే భాష గనుక మాటల మూలములన్నియు ఒకచోటికే చేరునని నమ్మి పదియేండ్లు వెచ్చించెను. ఆ భాగములో ఆయన చూపిన మూలములు అనేకము తప్పని పండితులు తరువాత తేల్చిరి. సంస్కృతమునకు గ్రీకు, లాటినులతో గల బంధుత్వమును 1786లో కలకత్తాలో విలియం జోన్సు చెప్పియుండెను గాని, వెబ్‌స్టరు ఆ త్రోవ త్రొక్కలేదు. అయితే మాటకు అర్థము చెప్పుటలో ఆయనకు సాటి తక్కువ. చాల అర్థములకు బైబిలు నుండియే ఉదాహరణము లిచ్చెను.

డబ్బు చాలక 1812లో ఆమ్‌హర్‌స్టు అను చిన్న ఊరికి వెళ్లి కాపురముండి, అక్కడ కళాశాల స్థాపించుటకు తోడ్పడెను. 1824లో కుమారుడు విలియమును వెంటబెట్టుకొని పారిసునకును కేంబ్రిడ్జికిని వెళ్లెను. 1825 జనవరిలో కేంబ్రిడ్జి బసలో చివరి మాట వ్రాయు వేళ చెయ్యి వణకి కలము నిలువలేదు. లేచి గదిలో కొంతసేపు తిరిగి, తెప్పరిల్లి, ముగించెను. 1828లో రెండు సంపుటములుగా అది అచ్చుపడినప్పుడు ఆయనకు డెబ్బది యేండ్లు. డెబ్బదివేల మాటలు. వెల ఇరువది డాలర్లు, బీదవాని చేతికందనిది. ముద్రించినవి 2,500 ప్రతులు మాత్రమే. రెండవ కూర్పు కొరకు ఆయన ఇల్లు తాకట్టు పెట్టవలసివచ్చెను. తండ్రి పొలము పెట్టెను, కుమారుడు ఇల్లు పెట్టెను.

1833లో ఆయన బైబిలు ప్రకటించెను. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో జనులకు అర్థము మారిపోయిన మాటలను సవరించెను. పరిశుద్ధాత్మను ఆ బైబిలు హోలీ గోస్ట్ అనును. గోస్ట్ అనగా జనుల వాడుకలో దయ్యమైపోయినందున దానిని హోలీ స్పిరిట్ అని మార్చెను. దోమను వడియగట్టి ఒంటెను మింగు వారిని గూర్చిన మాటలో ఇంగ్లీషున చాలకాలముగా నున్న పొరపాటును దిద్దెను. తన పనులన్నిటిలో ఇదే ముఖ్యమని ఆయన యెంచెను గాని, సంఘములు దానిని అంతగా చేపట్టలేదు. చెవికి అలవాటైన వాక్యమును మార్చిన యెడల విశ్వాసులు ఎంత నొచ్చుకొందురో ప్రతి పాదిరికిని తెలియును.

ఆయన కోరిన మార్పులలో కొద్దియే నిలిచినవి. ఆ కొద్ది మన యొద్దకును వచ్చినవి. నెల్లూరు, ఒంగోలు ప్రాంతముల బాప్టిస్టు మిషనరీలును, 1842లో గుంటూరునకు వచ్చిన హేయరు అయ్యగారి లూథరను మిషనువారును అమెరికా నుండి వచ్చినవారు; 1841లో మచిలీపట్నమునకు వచ్చిన నోబుల్, ఫాక్సు అయ్యగార్లు ఇంగ్లండు వారు. ఒకే పరిచర్యను గూర్చి వ్రాసినను లేబర్ అను మాటలో ఇంగ్లండు పద్ధతివారు యు చేర్తురు, అమెరికా పద్ధతివారు చేర్చరు. నేడు మన యువకులు రంగు అను అర్థముగల కలర్ అను మాటను బడిపుస్తకములో నున్నట్లే వ్రాసినను కొన్ని సెల్‌ఫోనులు దాని క్రింద ఎఱ్ఱగీత గీయుచున్నవి. ఆ ఫోను వెబ్‌స్టరు పక్షము.

1843 మే 28వ తేదీన న్యూహేవెనులో ఆయన నిద్రించెను. బానిసత్వము వలని కీడును గూర్చి 1793లో పుస్తకము వ్రాసినను, వృద్ధాప్యమున దాని రద్దుకై ఆందోళన చేయువారిమీద ఆయన కోపపడుచుండెను. ఆయన నీలి అట్ట పుస్తకము మాత్రము ఆయన ఎదురుచూడని చేతులలోనికి వెళ్లెను. దక్షిణ రాష్ట్రములు అనేకములో బానిసకు చదువు చెప్పుట నేరము. బాల్టిమోరులో ఫ్రెడరిక్ డగ్లస్ అను బానిసబాలుడు ఆ పుస్తకములోని అక్షరములను చూడకుండ వ్రాయగలుగువరకు మరల మరల దిద్దుకొనెను. 1865లో బానిసలు విడుదలైన పిమ్మట వెస్టు వర్జీనియాలో ఉప్పుబట్టీల యొద్ద పనిచేయు బుకర్ వాషింగ్టను అను పిల్లవాడు చదువుకొనవలెనని తల్లిని బ్రతిమాలెను. ఆమెకు చదువు రాదు. ఎట్లో ఆ నీలి అట్ట పుస్తకపు పాత ప్రతి యొకటి సంపాదించి యిచ్చెను. చుట్టునున్న తమవారిలో అక్షరము తెలిసినవాడు ఒక్కడును లేడు, తెల్లవారిని అడుగుటకు భయము. కొన్ని వారములలో ఆ బిడ్డ తనంతట తానే అక్షరములలో ఎక్కువభాగము పట్టుకొనెను.