ఒట్టో లోవీ

ఒట్టో లోవీ (జూన్ 3, 1873 - డిసెంబరు 25, 1961) జర్మనీలో జన్మించిన వైద్యుడు, ఔషధశాస్త్రవేత్త. నాడి చివరి నుండి అవయవానికి సందేశం ఒక రసాయన పదార్థం ద్వారా చేరుతుందని ప్రయోగపూర్వకంగా నిరూపించాడు. పని పూర్తయిన వెంటనే ఆ పదార్థాన్ని విచ్ఛిన్నం చేసే ఎంజైము శరీరంలోనే ఉన్నదని కూడా ఈయన తన సహచరునితో కలిసి చూపించాడు. మెదడులో నాడీప్రసారకాల మోతాదు ఎలా అదుపులో ఉంటుందో తెలుసుకోవడానికి ఈ రెండు విషయాలూ పునాదులయ్యాయి. 1936లో ఆంగ్ల శాస్త్రవేత్త హెన్రీ డేల్‌తో కలిసి వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నాడు. యూదుడైనందువలన 1938లో నాజీల చేత నిర్బంధానికి గురై, ఆస్తిని కోల్పోయి, దేశం విడిచి వెళ్ళవలసి వచ్చింది.

బాల్యం, విద్యాభ్యాసం

లోవీ ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. తండ్రి యాకోబ్ ద్రాక్షసారా వర్తకుడు. తల్లి పేరు అన్నా. పాఠశాలలో గణితం, భౌతికశాస్త్రాల కంటే భాషలు, సాహిత్యం ఈయనకు బాగా పట్టుబడ్డాయి. కళల చరిత్ర చదవాలని కోరిక ఉన్నా, ఇంటివారి అభిమతం మేరకు 1891లో స్ట్రాస్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యలో చేరాడు. ఈ నగరం అప్పుడు జర్మనీలో ఉండేది, ఇప్పుడు ఫ్రాన్సులో ఉంది. 1896లో వైద్య పట్టా పొందాడు.

తరువాత కొంతకాలం ఫ్రాంక్‌ఫర్ట్ నగర ఆసుపత్రిలో పనిచేశాడు. క్షయ, న్యుమోనియా వ్యాధులకు ఆ రోజులలో సరైన మందులు లేవు. కళ్ళ ఎదుటే రోగులు మరణిస్తుంటే చూస్తూ ఊరుకోవలసి రావడం ఈయనను కలచివేసింది. చికిత్స వృత్తిని వదలి, మందులు శరీరంలో ఎలా పనిచేస్తాయో పరిశోధించడానికి నిశ్చయించుకున్నాడు.

తొలి పరిశోధనలు

1898లో మార్బర్గ్ విశ్వవిద్యాలయంలో ఔషధశాస్త్ర ఆచార్యుడు హాన్స్ హోర్స్ట్ మేయర్ వద్ద సహాయకుడిగా చేరాడు. జంతువులు తమకు కావలసిన మాంసకృత్తులను అమైనో ఆమ్లాల నుండి తిరిగి నిర్మించుకోగలవని 1902లో చూపించాడు. ఆ తరువాత లండన్‌లో స్టార్లింగ్ ప్రయోగశాలలో కొన్ని నెలలు గడిపాడు. హెన్రీ డేల్‌తో పరిచయం అక్కడే కలిగింది. అది జీవితాంతం నిలిచిన స్నేహం. 1905లో మేయర్ వెంట వియన్నా వెళ్ళాడు. 1908లో గుయిడా గోల్డ్‌ష్మీట్‌ను వివాహమాడాడు. వీరికి ముగ్గురు కుమారులు, ఒక కుమార్తె. 1909లో ఆస్ట్రియాలోని గ్రాజ్ విశ్వవిద్యాలయంలో ఔషధశాస్త్ర ఆచార్య పదవి లభించింది.

రెండు కప్ప గుండెల ప్రయోగం

నాడి వెంబడి విద్యుత్ ప్రేరణ ప్రయాణిస్తుందని అప్పటికే తెలుసు. కాని నాడి ముగిసిన చోటు నుండి కండరానికో, మరొక నాడీకణానికో అది ఎలా దాటుతుందన్నది తేలలేదు. విద్యుత్తే నేరుగా దూకుతుందని ఎక్కువమంది భావించేవారు. ఏదో రసాయనం విడుదలవుతుందేమోనన్న ఊహను 1904లో ఇంగ్లాండులో ఎలియట్ వెలిబుచ్చాడు. లోవీకి కూడా ఆ రోజులలోనే ఇటువంటి ఆలోచన కలిగింది. అయితే దానిని పరీక్షించే మార్గం తోచక వదలివేశాడు.

దాదాపు పదిహేడేళ్ళ తరువాత ఆ మార్గం ఈయనకు కలలో తోచింది. అర్ధరాత్రి లేచి కాగితం ముక్క మీద ఏదో వ్రాసుకుని నిద్రపోయాడు. తెల్లవారి చూస్తే తన వ్రాత తనకే అర్థం కాలేదు. మరునాటి రాత్రి అదే కల మళ్ళీ వచ్చింది. ఈసారి ఆలస్యం చేయక తెల్లవారుజామున మూడు గంటలకే ప్రయోగశాలకు వెళ్ళాడు. ఇది 1920లో జరిగినట్లు లోవీ తరువాత చెప్పుకున్నా, ప్రయోగ ఫలితాలు ప్రచురితమైనది 1921లో.

ప్రయోగం చాలా సరళమైనది. రెండు కప్పల గుండెలను వెలికితీసి, ఉప్పు ద్రావణంలో కొట్టుకునేలా ఉంచాడు. మొదటి గుండెకు వేగస్ నాడి అంటిపెట్టుకుని ఉంది. ఇది మెదడు అడుగు భాగం నుండి గుండెకు వచ్చి, దాని వేగాన్ని తగ్గించే నాడి. రెండవ గుండెకు నాడులు లేవు. వేగస్ నాడిని విద్యుత్తుతో ప్రేరేపించగా మొదటి గుండె మందగించింది. దానిలోని ద్రావణాన్ని తీసి రెండవ గుండెలో పోయగా అదికూడా మందగించింది. వేగం పెంచే నాడిని ప్రేరేపించి తీసిన ద్రావణం రెండవ గుండె వేగాన్ని పెంచింది. రెండు గుండెల మధ్య నాడి సంబంధం లేదు గనుక సందేశాన్ని మోసినది ద్రావణంలోని రసాయనమే అని తేలింది. మందగింపజేసే పదార్థానికి లోవీ వేగస్ పదార్థమని పేరు పెట్టాడు.

సందేశాన్ని చెరిపివేసే ఎంజైము

ఈ ప్రయోగాన్ని తిరిగి చేయబోయిన కొందరు విఫలులై, లోవీ ఫలితాలను శంకించారు. ఈయన 1926లో స్టాక్‌హోమ్‌లో జరిగిన అంతర్జాతీయ శరీరధర్మశాస్త్ర సమావేశంలో శాస్త్రవేత్తల ఎదుట ఒకే గుండెపై 18 సార్లు ప్రయోగం చేసి చూపించాడు. వేగస్ పదార్థం ఎక్కువసేపు నిలవకపోవడం ఇతరుల వైఫల్యానికి ఒక ముఖ్య కారణం.

అది ఎందుకు నిలవదన్న ప్రశ్నకు లోవీ, ఆయన సహచరుడు ఎర్నెస్ట్ నవ్రాటిల్ అదే సంవత్సరం సమాధానం చెప్పారు. గుండె కండరపు సారంతో కలిపితే వేగస్ పదార్థం త్వరగా శక్తిని కోల్పోతుంది. ఆ సారాన్ని ముందుగా వేడిచేస్తే అది వేగస్ పదార్థాన్ని ఏమీ చేయలేదు. వేడికి చెడిపోవడం ఎంజైముల లక్షణం. పశ్చిమ ఆఫ్రికాలో దొరికే కాలబార్ గింజ నుండి తీసిన ఫైసోస్టిగ్మిన్ అనే మందును అతి కొద్దిగా కలిపినా ఎంజైము పని ఆగిపోయి, వేగస్ నాడి ప్రభావం ఎంతోసేపు కొనసాగింది. ఒక మందు నాడి మీద కాక, ఎంజైము మీద పనిచేసి ఫలితాన్నివ్వగలదని దీనివలన తెలిసింది.

వేగస్ పదార్థం ఎసిటైల్‌కోలిన్ అని క్రమంగా నిర్ధారణ అయింది. డేల్ దీని గుణాలను 1914లోనే వివరించి, దానిని విచ్ఛిన్నం చేసే ఎంజైము ఉండవచ్చని సూచించాడు. 1929లో డేల్, డడ్లీ జంతువుల ప్లీహంలో ఎసిటైల్‌కోలిన్ సహజంగా ఉన్నట్లు కనుగొన్నారు.

మెదడు విషయంలో ప్రాముఖ్యత

లోవీ పరిశోధించినది గుండెను. మెదడులో కూడా ఇదే పద్ధతి ఉన్నదని అంగీకరించడానికి మరికొంత కాలం పట్టింది. విద్యుత్ వాదాన్ని గట్టిగా సమర్థించిన జాన్ ఎకిల్స్ 1951లో తన ప్రయోగాల ఫలితాలు చూసి అభిప్రాయం మార్చుకున్నాడు.

నాడీకణంలో ఒక ఎంజైము ఎసిటైల్‌కోలిన్‌ను తయారుచేస్తుంది. ఈ ఎంజైమును నాక్‌మన్‌సోన్, మచాడో 1943లో వివరించారు. విడుదలైన ఎసిటైల్‌కోలిన్‌ను నాడీసంధిలో ఉండే ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే మరొక ఎంజైము కోలిన్‌గా, ఎసిటిక్ ఆమ్లంగా విడగొడుతుంది. దీని ఒక్కొక్క అణువు క్షణానికి వేలకొలది ఎసిటైల్‌కోలిన్ అణువులను విడగొట్టగలదు. కోలిన్‌ను నాడీకణం మళ్ళీ లోనికి తీసుకుని వాడుకుంటుంది. పాత సందేశం చెరిగితేనే కొత్త సందేశానికి చోటు ఉంటుంది. డోపమిన్, సెరటోనిన్ వంటివి ముఖ్యంగా నాడీకణంలోకి తిరిగి పీల్చుకోబడి, అక్కడ మోనోఅమైన్ ఆక్సిడేజ్ అనే ఎంజైము వలన విచ్ఛిన్నమవుతాయి.

కండరాల బలహీనత కలిగించే మయస్తీనియా వ్యాధికి ఫైసోస్టిగ్మిన్ ఉపశమనం ఇస్తుందని 1934లో మేరీ వాకర్ ఇంగ్లాండులో చూపించింది. అల్జీమర్స్ వ్యాధిలో వాడే డోనెపెజిల్ కూడా ఇదే ఎంజైమును అడ్డుకుని మెదడులో ఎసిటైల్‌కోలిన్ మోతాదును పెంచుతుంది. ఎంజైము పూర్తిగా స్తంభిస్తే మాత్రం ప్రాణాపాయం. నాడులను దెబ్బతీసే విషవాయువులు, ఆర్గానోఫాస్ఫరస్ పురుగుమందులు ఇలాగే చంపుతాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆసుపత్రులలో ఈ పురుగుమందుల విషప్రభావానికి గురైనవారికి ఇచ్చే అట్రోపిన్, మితిమీరిన ఎసిటైల్‌కోలిన్ ప్రభావాన్ని అడ్డుకునే మందు.

నిర్బంధం, వలస

1938 మార్చిలో నాజీ జర్మనీ ఆస్ట్రియాను ఆక్రమించింది. ఆ రాత్రే సాయుధులు లోవీ పడకగదిలోకి చొరబడి ఈయనను చెరసాలకు తరలించారు. చిన్న కుమారులిద్దరినీ కూడా నిర్బంధించారు. తనను చంపివేస్తారని భావించిన లోవీ, అప్పటికింకా ప్రచురించని ప్రయోగ ఫలితాలు తనతోనే నశించిపోతాయని ఆందోళన చెందాడు. కావలివానిని ఒప్పించి ఒక పోస్టుకార్డు తెప్పించుకుని, ఆ ఫలితాలను క్లుప్తంగా వ్రాసి ఒక శాస్త్ర పత్రికకు పంపించాడు. ఆ తరువాతే మనసు కుదుటపడింది.

సుమారు రెండు నెలల తరువాత విడుదలయ్యాడు. స్టాక్‌హోమ్ బ్యాంకులో ఉన్న నోబెల్ బహుమతి సొమ్మును నాజీల అధీనంలోని బ్యాంకుకు బదిలీ చేసిన పిమ్మటే దేశం విడిచి వెళ్ళనిచ్చారు. ఆస్తి వ్యవహారాల నిమిత్తం భార్యను అక్కడే నిలిపివేశారు. లండన్, బ్రస్సెల్స్, ఆక్స్‌ఫర్డ్‌ల మీదుగా 1940లో అమెరికా చేరి, న్యూయార్క్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో పరిశోధక ఆచార్యుడిగా చేరాడు. భార్య 1941లో వచ్చి కలుసుకుంది. 1946లో లోవీకి అమెరికా పౌరసత్వం లభించింది.

చివరి రోజులు

లోవీ వేసవులను వుడ్స్ హోల్‌లోని సముద్రజీవ ప్రయోగశాలలో యువ శాస్త్రవేత్తల మధ్య గడిపేవాడు. 1954లో లండన్ రాయల్ సొసైటీ విదేశీ సభ్యునిగా ఎన్నికయ్యాడు. భార్య 1958లో మరణించింది. 1961 డిసెంబరు 25న 88 ఏళ్ళ వయసులో లోవీ న్యూయార్క్‌లో మరణించాడు. ఈయనను చెరలో పెట్టిన గ్రాజ్ నగరంలోనే, అక్కడి వైద్య విశ్వవిద్యాలయపు పరిశోధనా కేంద్రానికి నేడు ఈయన పేరు ఉంది.