ఛాయాచిత్రాలలో ఎలెన్ టెర్రీ

శిల్పి గతించినా శిల్పం నిలుస్తుంది. నటి గతించిన పిదప ఆమె కళలో మిగిలేదేమిటి? పందొమ్మిదవ శతాబ్ది ఇంగ్లండులో అరచేత ఇమిడే ఒక అట్టముక్క మిగిలింది. పారిస్ ఛాయాచిత్రకారుడు డిస్డెరీ 1854లో ఒకే గాజుపలకపై పలు చిత్రాలు తీసే పద్ధతికి పేటెంటు పొందగా, చిత్రం చవుక అయినది. సుమారు రెండున్నర అంగుళాల వెడల్పు, నాలుగంగుళాల పొడవు గల అట్టలపై అతికించిన ఆ బొమ్మలను గృహస్థులు కొని ఆల్బములలో కూర్చుకునేవారు. 1860లో విక్టోరియా రాణి కుటుంబ చిత్రాలు అంగళ్ళకు వచ్చినాక ఈ మోజు మరీ ప్రబలింది. నటిని గడప దాటనివ్వని ఇంటిలో సైతం ఆమె బొమ్మకు అడ్డు లేకపోయింది.

ఆ ఆల్బములకు ఎక్కిన ముఖాలలో ఎలెన్ టెర్రీది ఒకటి. 1847లో కవెంట్రీ పట్టణంలో నటుల ఇంట పుట్టి, తొమ్మిదేళ్ళకే షేక్స్పియరు నాటకంలో బాలపాత్రతో రంగమెక్కింది. 1864లో, పదిహేడేళ్ళు నిండకముందే, 46 ఏళ్ళ చిత్రకారుడు వాట్స్‌కు భార్య అయినది. ఆ ఏడే, కలకత్తాలో పుట్టిన జూలియా మార్గరెట్ కామెరాన్ ఆమెను చిత్రించింది. గోడకు ఒరిగి, కనురెప్పలు వాల్చి, కంఠహారాన్ని వేళ్ళతో పట్టిన ఆ బాలిక చిత్రానికి విషాదం అని పేరు. ఆమె చిత్రాలన్నింటిలో ఇదే మేలైనదని నా తలంపు. ఇందులో ఆమె ఏ నాటకపాత్రా ధరించలేదు.

ఏడాది తిరగకుండానే ఆ కాపురం విడిపోయింది. 1868లో రంగాన్ని వీడి, వాస్తుశిల్పి గాడ్విన్‌తో పల్లెలో కాపురముండి, వివాహం లేకయే ఇద్దరు బిడ్డలను కన్నది. లోకం ముఖం తిప్పుకున్నది. డబ్బు ఇబ్బందుల నడుమ 1874లో తిరిగి రంగానికి వచ్చింది. మరుసటి ఏడు పోర్షియా పాత్రతో ముఖం తిప్పుకున్న లోకాన్నే తనవైపు త్రిప్పుకోగలిగింది! 1878 నుండి హెన్రీ ఇర్వింగ్ సరసన లైసియం రంగశాలలో రెండు దశాబ్దాలకు పైగా నటించింది.

చూచినవారు ఆమె నడకను, కదలికలోని సొగసును ప్రత్యేకించి మెచ్చుకునేవారు. కెమెరాకో, కదలిక పనికిరాదు. ఆనాటి బొమ్మలు రంగస్థలిపై తీసినవి కావు; స్టూడియోలో, తల కదలకుండా వెనుక ఇనుప ఊత నిలిపి తీసేవారు. 1888లో ఆమె లేడీ మాక్బెత్ అయినప్పుడు ధరించిన దుస్తులపై కుట్టినవి జీరంగి వంటి పురుగుల పచ్చని రెక్కలు. జీరంగిని అగ్గిపెట్టెలో పెంచిన మన పిల్లలకు ఆ తళుకు ఎటువంటిదో చెప్పనక్కరలేదు. విండో అండ్ గ్రోవ్ స్టూడియో అట్టపై అది వట్టి గోధుమరంగు. ఆ పచ్చదనం కోసం సార్జెంట్ 1889లో వేసిన తైలవర్ణ చిత్రాన్నే చూడవలె.

1925లో డేమ్ బిరుదు అందుకుని, 1928 జూలై 21న కెంట్‌లోని స్మాల్‌హైద్ గ్రామంలో తన ఇంట కన్నుమూసింది. నేడు ప్రదర్శనశాలగా ఉన్న ఆ ఇంటిలోనే, మరమ్మతు చేసిన ఆ పచ్చని దుస్తులు పదిలంగా ఉన్నవి.