రాయవేలూరు డాక్టరమ్మ ఐడా స్కడ్డర్

రాయవేలూరు అనగానే మన తెలుగువారికి రెండు గుర్తుకు వస్తాయి. ఒకటి కోట, రెండవది ఆసుపత్రి. కోటను గురించి చరిత్ర పుస్తకాలలో కావలసినంత ఉన్నది. ఆసుపత్రిని నిలబెట్టిన ఆమెను గురించి మాత్రం, అక్కడ నెలల తరబడి మంచంమీద ఉండి బాగుపడి వచ్చినవారిలో కూడా చాలామందికి తెలియదు. అందుచేత ఈ ఉగాది సంచికలో ఆమె కథ మన కుటుంబాలవారికి వినిపించుదామని పూనుకొన్నాము.

ఐడా స్కడ్డర్ 1870 డిసెంబరు 9వ తేదీన రాణిపేటలో పుట్టినారు. అప్పుడది ఉత్తర ఆర్కాటు జిల్లా. చిత్తూరు, తిరుపతి కూడా ఆ జిల్లాలోనే ఉండేవి. చిత్తూరు వేరు జిల్లా అయినది 1911లో. కుటుంబం అమెరికా మిషనరీలది. తాతగారు జాన్ స్కడ్డర్ 1819లోనే ఓడ ఎక్కి సింహళానికి, అక్కడనుండి మన దేశానికి వచ్చి వైద్యం చేసిన మనిషి. తండ్రి కూడా డాక్టరే. మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకొనే ఆ కరువునాటికి ఐడాకు ఆరేడేళ్లు. ఆకలికి అల్లాడే పిల్లలను ఆ వయసులో కళ్లారా చూసినది. తరువాత చదువుకని అమెరికా వెళ్లిన పిల్లకు తిరిగి ఈ ఎండల దేశానికి రావలెననే కోరిక ఏమాత్రం లేదు. పెండ్లి చేసుకొని అక్కడే స్థిరపడవలెనని ఆమె ఆశ.

1890లో తల్లికి జబ్బు చేసినదని కబురు వస్తే, కొద్దికాలం ఉండి పోదామని తిండివనం వచ్చినారు. అక్కడ ఒక రాత్రి ముగ్గురు మనుషులు ఒకరి వెనుక ఒకరు తలుపు తట్టినారు. ఒకాయన బ్రాహ్మణుడు, ఒకాయన ముసల్మాను, మూడవ ఆయన మరొక కులపు హిందువు. ముగ్గురి ఇండ్లలోనూ భార్యలు ప్రసవం కాక యాతన పడుతున్నారు. ఐడా తనకు వైద్యం రాదనీ, తండ్రిని తీసుకొని వెళ్లండనీ చెప్పినది. పరాయి మగవాడు లోపలికి రావడానికి వీలులేదని ముగ్గురూ వట్టి చేతులతో వెళ్లిపోయినారు. తెల్లవారేసరికి ముగ్గురు స్త్రీలూ చనిపోయినారు. ఆ మగవారిని తిట్టడం సులభం. ఆనాడు మన తాతముత్తాతల ఇండ్లలో మాత్రం వేరుగా జరిగేదా? ఐడా వారిని తిట్టలేదు. తాను డాక్టరు కావలెనని నిశ్చయించుకొన్నది.

1899లో న్యూయార్కులోని కార్నెల్ వైద్య కళాశాలలో పట్టా పుచ్చుకొని, 1900 జనవరి నాటికి తిరిగి వచ్చినారు. ఆసుపత్రి కట్టడానికి షెల్ అనే వృద్ధుడు, చనిపోయిన తన భార్య పేరిట, పదివేల డాలర్లు ఇచ్చినాడు. కొద్ది నెలలకే తండ్రి కాలం చేసినారు. పక్కన నిలిచి పని నేర్పే పెద్దదిక్కు లేదు. బంగళాలో పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు ఉన్న గదిలో మందులివ్వడం మొదలుపెట్టినారు. సహాయానికి సలోమీ అని, ఇంట్లో పనిచేసే బట్లరు భార్య. మొదట జనం రావడానికే జంకినారు. అయినా రెండేండ్లలో అయిదువేల మందిని చూసినారని లెక్క. 1902లో నలభై మంచాలతో షెల్ ఆసుపత్రి తెరిచినారు.

ఇంతవరకే చేసి ఉంటే ఆమె ఒక మంచి డాక్టరమ్మగా మిగిలిపోయేవారు. మంచాలు నలభై, చేతులు రెండు, చుట్టూ వందల ఊళ్లు. గుడియాత్తం రోడ్డు వెంట వారానికొకనాడు వెళ్లి, చెట్లకింద ఆగి మందులిచ్చేవారు. 1909 ప్రాంతానికి మోటారు కారు కూడా వచ్చినది. ఆ చెట్లకింద చేరిన జనాన్ని చూసినకొద్దీ ఆమెకు అర్థమైనదేమంటే, తాను ఎంత తిరిగినా చాలదు, తనవంటివారిని తయారు చేయవలెను అని. 1909లోనే నర్సుల బడి పెట్టినారు. ఆ రోజుల్లో ఇతరుల మలమూత్రాలు ఎత్తే పనికి ఆడపిల్లను పంపే తల్లిదండ్రులు ఎక్కడ ఉంటారు? అయినా పెట్టినారు.

1918 ఆగస్టులో ఆడపిల్లలకు వైద్య పాఠశాల. మద్రాసులోని పెద్ద వైద్యాధికారికి నమ్మకం లేదు. చేరేవారే ఉండరని ఆయన అభిప్రాయం. తీరా చూస్తే ఉన్న చోటుకు ఎన్నోరెట్ల దరఖాస్తులు వచ్చిపడినాయి. అస్థిపంజరం ఒకటి, కొన్ని పుస్తకాలు, సూక్ష్మదర్శిని ఒకటి పెట్టుకొని ఆమె స్వయంగా పాఠాలు చెప్పినారు. మగపిల్లల పాఠశాలలలో చాలామంది తప్పిన ప్రభుత్వ పరీక్షలో మొదటి యేడే ఈ పిల్లలందరూ గట్టెక్కినారు. 1922లో పద్నాలుగు మంది డాక్టర్లై బయటికి వచ్చినారు.

అసలు కష్టం ముందున్నది. 1930ల చివర మద్రాసు ప్రభుత్వం చిన్న వైద్య డిప్లొమాలు ఇక చాలునని, వైద్యం చదివితే ఎం.బి.బి.ఎస్. చదవవలసిందే అని నిర్ణయించినది. అందుకు తగినన్ని మంచాలు, ప్రయోగశాలలు, ప్రొఫెసర్లు కావలెను. లేదా పాఠశాల మూసుకోవలెను. ఐడాకు అప్పటికి డెబ్బై. 1941లో, యుద్ధం నడుమ, అమెరికా వెళ్లి నాలుగేండ్లు ఊరూరా తిరిగి డబ్బు అడిగినారు. పురుషులను కూడా చేర్చుకొంటే గాని పెద్ద సంఘాలనుండి సాయం రాదని తేలినది. ఇన్నేండ్లు డబ్బు పోగుచేసి పంపిన స్త్రీలలో, లూసీ పీబాడీ వంటి పాత స్నేహితురాండ్రు దీనిని ద్రోహమన్నారు. స్త్రీలకని ఇచ్చిన డబ్బు మగవారికెట్లా పెడతారని వారి వాదం. ఆ వాదంలో న్యాయం లేదని మేము అనలేము. ఐడా మనసు చాలా ఊగిసలాడినది. చివరకు ఒప్పుకొన్నారు, స్నేహం పోయినది, కళాశాల నిలిచినది. తిండివనం రాత్రి సంగతి అందరూ చెబుతారు గాని, మా దృష్టికి ఇదే ఆమె చేసిన పెద్ద నిర్ణయం. 1942లో ఎం.బి.బి.ఎస్. మొదలైనది, 1947లో పురుషులు చేరినారు.

మనవారు గర్వించవలసిన సంగతి ఒకటి. ఆ కళాశాలకు అధిపతి అయిన మొదటి భారతీయురాలు డాక్టర్ హిల్డా లాజరస్, 1890లో విశాఖపట్నంలో పుట్టిన ఆమె. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో పగ్గాలు పట్టి 1954 వరకు నడిపినారు.

బోధన ఉన్నచోటికి నిపుణులు వస్తారు. 1948లో పాల్ బ్రాండ్ కుష్ఠురోగుల వంకరపోయిన చేతులను శస్త్రచికిత్సతో పనికి తెచ్చినారు. 1949లో జేకబ్ చాందీ మెదడు శస్త్రచికిత్సకు దేశంలోనే మొదటి విభాగం పెట్టినారు. గుండె తెరిచి చేసే శస్త్రచికిత్స 1961లో, మూత్రపిండం మార్పిడి 1971లో. ఇది సర్కారు ఆసుపత్రి కాదు, మిషను ఆసుపత్రి. అయినా ఎక్కడెక్కడి డాక్టర్లో తమకు అంతుపట్టని రోగిని చీటీ రాసి ఇక్కడికే పంపుతారు. మావంటి రైల్వే గుమాస్తాలకు ఇది బాగా తెలుసు. కాట్పాడి స్టేషనులో దిగేవారి చేతిలో పెట్టెకంటె ముందు ఎక్స్‌రే కవరు కనబడుతుంది. చిత్తూరు, నెల్లూరువారేగాక బెంగాలు, ఒడిషా, అస్సామువారు కూడా వస్తారు. క్యాన్సరు, గుండె రోగులకు రైల్వే ఇచ్చే రాయితీకి ఆసుపత్రి సర్టిఫికెట్టు అవసరమని తెలియక పూర్తి చార్జీ పెట్టి తిరిగిపోయేవారూ ఉన్నారు. మనవారు ఈ సంగతి మరువకూడదు.

ఐడా 1946లో పని విరమించినారు. ముసలితనంలో కూడా టెన్నిసు ఆడేవారట. ఊరు, జిల్లా ఏమీ లేకుండా పేరూ, ఇండియా అన్న మాటా మాత్రం రాసిన ఉత్తరం ఆమెకు చేరినదని చెప్పుకొంటారు, తపాలావారిని మెచ్చుకోవలసిందే. పెండ్లి చేసుకోలేదు. 1960 మే నెలలో, ఎనభై తొమ్మిదవ యేట, కొడైకెనాలులో కన్నుమూసినారు.

ఆ తరువాత ఆసుపత్రి మన చిత్తూరు జిల్లా గుడిపాల మండలంలోకి కూడా ఒక శాఖ చాచినది. 2022లో మరొక పెద్ద ఆవరణ తెరిచినారు. అది ఉన్నది రాణిపేట జిల్లాలో, ఆమె పుట్టిన ఊరి చేరువనే.