మంచుకొండల్లో వివేకానందుడు: అమరనాథ్‌కి ముందు, అమరనాథ్ తర్వాత

 

మన తెలుగులో మంచు అనే మాట ఒక్కటే. ధనుర్మాసంలో పొలాల మీద కమ్ముకునేదీ మంచే, గడ్డిపరక మీద నిలిచే చుక్కా మంచే, కైలాసం మీద పరుచుకున్నదీ మంచే. అందుకే హిమాలయం అనగానే మనకి పటంలో చూసిన తెల్లటి కొండ, దాని ముందు ధ్యానంలో శివుడు, అంతా ప్రశాంతంగా కనిపిస్తుంది. వివేకానంద స్వామి జీవితం చదివాక నా మనసులో ఆ పటం మారిపోయింది. వీడియోలో సమయం చాలక అమరనాథ్ యాత్ర ఒక్కటే చెప్పాను. ముందూ వెనకా తెలియకపోతే అక్కడ జరిగింది సగమే అర్థమవుతుంది, అందుకని మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. స్వామీజీ కేదారమూ చూడలేదు, బదరీ కూడా చూడలేదు.

1890 జులైలో బారానగర్ మఠం నుంచి బయలుదేరేనాటికి ఆయన వయసు 27. తోడుగా గురుభాయి అఖండానందుడు, అంతకుముందే టిబెట్ దాకా తిరిగొచ్చిన మనిషి. కొండల్లోకి వెళ్ళి తపస్సులో కూర్చోవాలి, ఇక కిందికి రాకూడదు, అదీ ఆయన కోరిక. నైనీతాల్ నుంచి అల్మోరాకి నడిచే వెళ్ళారు. దారిలో కాకడీఘాట్ దగ్గర ఒక రావిచెట్టు కింద ధ్యానంలో ఉండగా పిండాండమూ బ్రహ్మాండమూ ఒకే తీరున ఉన్నాయన్న సత్యం ఆయనకి అనుభవమైంది. అంతటి అనుభవం పొందిన మనిషే, అల్మోరా చేరేలోపు ఆకలికి సొమ్మసిల్లి పడిపోయారు. పక్కనే ముస్లింల శ్మశానం. దాన్ని చూసుకునే ఫకీరు ఒక దోసకాయ తెచ్చి పెట్టి ప్రాణం నిలబెట్టాడు. ఏడేళ్ళ తర్వాత, 1897లో, అల్మోరా ఊరంతా స్వాగతం పలుకుతున్నప్పుడు జనంలో ఆ ఫకీరుని స్వామీజీయే గుర్తుపట్టారు. నాకు ఈ ఘట్టం ఎన్నిసార్లు చదివినా తనివి తీరదు.

అల్మోరాలో ఉండగానే చెల్లెలు ఆత్మహత్య చేసుకుందని టెలిగ్రామ్ వచ్చింది. ఆ దుఃఖాన్ని మోసుకుంటూనే ఇంకా పైకి, కర్ణప్రయాగ దాకా వెళ్ళారు. కరువు వల్ల ప్రభుత్వం కేదార బదరీల దారి మూసేసింది. ఇంతలో అఖండానందుడికి జబ్బు చేసింది, కిందికి తీసుకెళ్ళక తప్పలేదు. చివరికి రిషీకేశ్‌లో స్వామీజీకే ప్రాణం మీదికి వచ్చేంత జ్వరం. శిఖరాలు కనిపిస్తూనే ఉన్నాయి, దారి మాత్రం లేదు. కొండచరియలు విరిగిపడి యాత్ర మధ్యలోంచి వెనక్కి వచ్చిన మనవాళ్ళకి ఆ బాధ ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు కదండీ.

తర్వాత ఆయన మళ్ళీ మంచుకొండల మధ్యకి వెళ్ళింది మన దేశంలో కాదు. 1896 వేసవిలో సేవియర్ దంపతులతో స్విట్జర్లాండ్ వెళ్ళారు, ఆల్ప్స్ చూశారు, అక్కడి పెద్ద హిమానీనదం మీద నడిచారు. ఆ కొండల్లో ఉండగానే హిమాలయంలో ఒక ఆశ్రమం ఉండాలన్న ఆలోచన గట్టిపడింది. పరాయిదేశపు మంచు ఇంటి మంచుని గుర్తుచేసిందన్నమాట.

ఇక 1898, అమరనాథ్. అప్పట్లో హెలికాప్టర్లు, లంగర్లు లేవు. పహల్గాం, చందన్‌వాడి, శేషనాగ్, పంచతరణి మీదుగా వేలమంది సాధువులు, భక్తుల వెంట స్వామీజీ, శిష్యురాలు నివేదిత బయలుదేరారు. చందన్‌వాడి దగ్గర మొదటిసారి మంచుగడ్డ మీదుగా వెళ్ళవలసి వచ్చినప్పుడు, ఆమె దాన్ని నడిచే దాటాలని స్వామీజీ పట్టుబట్టారు. దారిలో ఎత్తైన కనుమ దాదాపు 14,000 అడుగులు.

పంచతరణిలో ఐదు ధారలు. ఒక్కొక్క ధారలో మునిగి, తడిబట్టలతోనే తర్వాతి ధారకి వెళ్ళాలని ఆచారం. అప్పటికే ఆయన ఆరోగ్యం బాగాలేదు. వద్దంటారని, నివేదిత కంట పడకుండా ఐదింటిలోనూ స్నానం చేసి వచ్చారు. నేను బదరీనాథ్ వెళ్ళినప్పుడు అలకనందలో వేళ్ళు ముంచి ఒక్క క్షణంలో వెనక్కి తీసుకున్నాను. పక్కనే తప్తకుండం ఉంది కాబట్టి స్నానం చేశాననిపించుకున్నాను. ఆ లెక్కన ఐదు ధారలంటే ఏమిటో ఊహించుకోండి.

ఆగస్టు 2, శ్రావణ పూర్ణిమ. ఒళ్ళంతా విభూతి, కౌపీనం ఒక్కటే, ఆ చలిలో అలా గుహలోకి వెళ్ళారు. నీటిచుక్కలు గడ్డకట్టి లింగమై నిలిచిన చోట సాష్టాంగపడ్డారు. స్పృహ తప్పుతుందేమో అన్నంత పారవశ్యం. సాక్షాత్తూ శివుణ్ణి చూశానని, తాను కోరుకునేవరకు మరణం రాకుండా ఆయన వరమిచ్చాడని తర్వాత సన్నిహితులకి చెప్పారు. దానికి ఒళ్ళు చెల్లించిన మూల్యం తక్కువేం కాదు. ఎడమకంట్లో రక్తం గడ్డకట్టింది. పరీక్షించిన డాక్టరు, గుండె ఆగిపోవలసిందని, ఆగలేదు గానీ శాశ్వతంగా వ్యాకోచించిందని తేల్చారు.

అదే గుహలో, అదే రోజు, నివేదితకి ఏ అనుభవమూ కలగలేదు. గురువు అంత పొందారు, తనకేమీ దొరకలేదని ఆమె చాలా బాధపడింది. యాత్ర చేశావు కదా, ఇప్పుడు తెలియకపోయినా దాని ఫలం లోపల పనిచేస్తూనే ఉంటుందని స్వామీజీ ఓదార్చారు. అంతదూరం వెళ్ళి చలి, ఆయాసం తప్ప ఏమీ తెలియలేదని దిగులుపడే వాళ్ళు నాకు చాలామంది తెలుసు. వాళ్ళకి నేను ఈ సంగతే చెప్తాను.

ఆల్ప్స్‌లో కన్న కల 1899 మార్చిలో నిజమైంది. అల్మోరా అవతల, సుమారు 6,400 అడుగుల ఎత్తున మాయావతిలో సేవియర్ దంపతులు అద్వైతాశ్రమం నెలకొల్పారు. ఏడాదిన్నరకే, 1900 అక్టోబరులో కెప్టెన్ సేవియర్ అక్కడే కన్నుమూశారు. ఆయన భార్యని ఓదార్చడానికి స్వామీజీ నడి చలికాలంలో కాఠ్‌గోదాం నుంచి కొండెక్కారు. దారిలో మంచు తుఫాను. ఒక రాత్రి పొగ నిండిన చిన్న దుకాణంలో తలదాచుకోవలసి వచ్చింది. 1901 జనవరి 3న ఆశ్రమం చేరారు. ఎన్నేళ్ళుగానో కోరుకున్న చోటు, ఎటు చూసినా తెల్లటి మంచు, కానీ ఉబ్బసం వల్ల ఎక్కువ రోజులు గదిలోంచి బయటికే రాలేకపోయారు. 18న కిందికి బయలుదేరారు. మళ్ళీ హిమాలయానికి వెళ్ళలేదు. 1902 జులై 4న, 39 ఏళ్ళకి, బేలూరులో గంగ ఒడ్డున శరీరం వదిలేశారు.

అమరనాథ్ తర్వాత సుమారు రెండు నెలలకి కశ్మీర్‌లోనే క్షీరభవాని అమ్మవారి సన్నిధిలో ఆయనకి మరో అనుభవం కలిగింది. శివుడి ధ్యాసలోంచి అమ్మ ధ్యాసలోకి ఆయన మనసు ఎలా తిరిగిందో వచ్చే సోమవారం వీడియోలో చెప్తాను.