నడిగడ్డ పెద్దాయన సురవరం

కృష్ణమ్మకు, తుంగభద్రకు నడుమనున్న నేలను మనం నడిగడ్డ అంటం. సురవరం ప్రతాపరెడ్డి ఆ నేల బిడ్డ. 1896 మే 28న బోరవెల్లిల పుట్టిండు, సొంతూరు ఇటిక్యాలపాడు. హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద విగ్రహమున్నది. 2025ల తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరే పెట్టుకున్నం. పేరు పెద్దగైంది, మంచిదే. కానీ గద్వాల బస్టాండుల నిలబడి సురవరం ఏం జేసిండని అడిగితే ఎంతమంది రెండు మాటలు చెప్తరు? చెప్పినా గోలకొండ పత్రిక అంటరు, కవుల సంచిక అంటరు, ఆడికే ఆగిపోతరు.

ఆ రెండూ చిన్న పనులేం గాదు. తుంగభద్ర దాటి కర్నూలుల చదువుకున్నడు, ఆ తర్వాత హైదరాబాద్, మద్రాసు. వకీలు చదువు చదివిండు. నల్లకోటేసుకొని పైసలు సంపాదించుకునే దారి ఉండంగనే 1926 మే 10న గోలకొండ పత్రిక మొదలువెట్టిండు. నిజాం రాజ్యంల కచేరి భాష ఉర్దూ, బడి భాష ఉర్దూ. తెలుగుల అర్జీ రాస్తే చదివేటోడు లేడు. అసుంటి కాలంల తెలుగు పత్రిక నడపుడంటే సర్కారు కంట్ల నలుసు లెక్క ఉండుడే.

తెలంగాణల తెలుగు కవులే లేరని ఒకరు అన్నరు. పెద్దాయనకు కోపమొచ్చింది. అయితే ఆ కోపాన్ని కొట్లాటల పెట్టలే, పనిల పెట్టిండు. ఊరూరికి ఉత్తరాలు పంపి పద్యాలు తెప్పించి, 354 మంది కవులతోటి 1934ల గోలకొండ కవుల సంచిక తెచ్చిండు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపూర్ సంస్థానాల నీడన పండితులు ఎంతమంది ఉండేటోళ్లో మన దిక్కు వాళ్లకు తెల్వంది కాదు. ఊర్ల ఉండి రాసేటోళ్లు ఇంకెందరో. సంస్థానం ఆసరా దొరకనోళ్లను సుత పేరుతోని పుస్తకంల ఎక్కించుడే ఆ పనిలోని గొప్పతనం అని నాకనిపిస్తది.

రెడ్డి హాస్టల్ ముచ్చట తక్కువ మందికి ఎరుక. మన వనపర్తి దిక్కు బిడ్డే కొత్వాల్ రాజా బహద్దూర్ వెంకట్రామారెడ్డి. ఆయన పూనికతోటి నిలబడ్డ ఆ హాస్టల్ బాధ్యత సురవరం ఏండ్ల తరబడి చూసిండు. పల్లెల నుంచి పట్నమొచ్చిన పిల్లలు, అమ్మ చేతి రొట్టె మరువలేనోళ్లు, ఉర్దూ చదువు తలకెక్కక తిప్పలువడేటోళ్లు. వాళ్లకు ఇంటి పెద్దదిక్కు ఆయనే. హాస్టల్ల పుస్తకాల అర్రను పెంచిండు. అదేమంత పెద్ద పనని ఇయ్యాల అనిపించొచ్చు. తెలుగు పుస్తకం చేతికి దొరుకుడే కష్టమైన రోజులవి.

1930ల జోగిపేటల మొదటి ఆంధ్ర మహాసభ జరిగితే అధ్యక్షుడు సురవరమే. ఇవన్నీ సభలు, తీర్మానాల లెక్క. నాకైతే ఆయన అసలు మనసు 1949ల వచ్చిన ఆంధ్రుల సాంఘిక చరిత్రల కనవడ్తది.

చరిత్ర అంటే అప్పటిదాకా రాజులు, యుద్ధాలు, పట్టాభిషేకాలు. ఈయన ఏం జేసిండంటే, మన పాత కావ్యాలను ముందటేసుకొని ఇంట్లకు, చేన్లకు పోయిండు. జనం ఏం తిన్నరు? ఏం కట్టుకున్నరు? పిల్లలు ఏ ఆటలాడిండ్రు? ఆడోళ్లు ఏ నగలు పెట్టుకున్నరు? పండుగ ఎట్ల చేసుకున్నరు? పాల్కురికి సోమన కాడ భక్తి ఒక్కటే వెతకలే, ఆయన కాలపు పాటలు, వంటలు వెతికిండు. క్రీడాభిరామంల ఓరుగల్లు పూటకూళ్లిల్లు, కోళ్ల పందేలు చూసిండు. ఆముక్తమాల్యదల వానకాలం వర్ణన తీస్తే, చెక్కెలు తడిసి పొయ్యి రాజుకోక తిప్పలువడే ఇంటి ఆడామె, చేనికాడ గుడిసెల ఆకుకూరతోటి కూడు తినే కాపాయన కనవడ్తరు. పండితులు అలంకారం చూసి మురిసిపోయే కాడ సురవరం ఆ పొయ్యిని, ఆ కూరను చూసిండు.

ప్రకృతి మీద ప్రేమ అంటే పువ్వులు, చందమామ అని మనకు అలవాటయ్యింది. సేద్యం చేసే ఇంట్ల పుట్టినోడి ప్రేమ అట్లుండది. ఏ కార్తెల ఏం విత్తాలె, ఏ చెట్టు ఆకు తినొచ్చు, ఏ పండుగ ఏ పంటతోని వస్తది, ఇదీ ఆ ప్రేమ. ఆయన రాసిన ఇంకో పుస్తకం హిందువుల పండుగలు. మన పండుగల్ల సగం తిరిగేది కాలం చుట్టూ, వాన చుట్టూ, చేను చుట్టూనే గదా. సంక్రాంతి పంట ఇంటికొచ్చినంకనే, బతుకమ్మ పువ్వు గడ్డిల విరిసినంకనే.

అట్లని ఆయన చెప్పిందంతా వేదమని నేననను. కావ్యంల కవి కొంత పెంచి రాస్తడు, కొంత సొంతంగ కల్పిస్తడు. దాన్ని పట్టుకొని ఊరి బతుకంతా ఇట్లనే ఉండెనంటే వాదించేటోళ్లుంటరు. పైగ కావ్యాలు రాసింది చదువుకున్న కులాలోళ్లు. వాళ్ల కంటికి ఆనని గుడిసెలు ఆ చరిత్రల సుత తక్కువనే కనవడ్తయి. అయినా రాజు కోట దిగి వంటింట్లకు పోయే తొవ్వ ఒకటున్నదని తెలుగుల గట్టిగ చూపించింది ఆయనే.

1952 ఎన్నికల్ల వనపర్తి నుంచి కాంగ్రెస్ తరఫున ఎమ్మెల్యేగ గెలిచిండు. ఆ కుర్చీల ఎక్కువ దినాలు కూసోలే. 1953 ఆగస్టు 25న కన్నుమూసిండు, వయసు 57. రెండేండ్లకు, 1955ల, తెలుగుల మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం ఆంధ్రుల సాంఘిక చరిత్రకే వచ్చింది. తీసుకునేటందుకు మనిషి లేడు.

ఆ పుస్తకం 1907 కాడ ఆగిపోతది. ఆ తర్వాత నడిగడ్డల తుంగభద్ర కాలువ వచ్చింది, నల్లరేగడిల జొన్న పోయి పత్తొచ్చింది. నాగర్‌కర్నూల్ దిక్కు తట్ట, పార పట్టుకొని పాలమూరు లేబర్ దేశమంతా తిరిగి డ్యాములు కట్టింది. ఆ లేబర్ సద్ది మూటల ఏముండె, పైలమని ఇంటి ముసలోళ్లకు పిల్లలనిచ్చి పోయినోళ్లు ఏ పండుగకు తిరిగొచ్చిండ్రు, కంకరరాళ్ల నడుమ వాళ్ల పిల్లలు ఏ ఆటలాడిండ్రు? అవి తెలిసిన ముసలోళ్లు ఇంకా కొందరు మన అరుగుల మీదనే కూసోని ఉన్నరు.